తువ్వాలు మూలన ముడి

హిందూపురంలో ఆ సందుకు గడియారం అక్కర్లేకుండా పోయింది. పొద్దున్నే సుమతి పెరట్లో బండ మీద తువ్వాలు బాదే చప్పుడు వినబడగానే పాలకు పోయేవాళ్లు పాలకు, కుళాయికి పోయేవాళ్లు కుళాయికి బయలుదేరేవారు. ఆ తువ్వాలు ఆమె భర్త లక్ష్మీనరసయ్యది. ఆయనకు బజార్లో కిరాణా అంగడి. పొద్దున భుజం మీద తెల్లగా పోయిన తువ్వాలు సాయంత్రానికి పొయ్యి తుడిచిన గుడ్డలా ఇంటికొచ్చేది. దాన్ని ఉతకడానికి ముందు సుమతి ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకునేది. బెల్లం వాసన వస్తే ఏదో పెళ్లివారి బేరం తగిలిందని లెక్క. కిరసనాయిలు వాసన వస్తే ఎవరో అప్పు అడిగి విసిగించి ఉంటారని, విసుగొస్తే ఆయన పాత డబ్బాలన్నీ తుడుస్తూ కూర్చుంటాడని లెక్క. మిరపపొడి అయితే వాసన చూసే పని కూడా లేదు, తుమ్ములే చెప్పేవి.

ఇప్పటికీ ఆ సందుకు అదే చప్పుడు వినబడుతుంది. కాకపోతే తువ్వాలుకు మురికి లేదు. లక్ష్మీనరసయ్య పోయి ఏడాది దాటింది. అంగట్లోనే, కందిపప్పు తూస్తూ తూస్తూ ఒరిగిపోయాడు. ఆ పప్పు కొనడానికి వచ్చినామె తర్వాత పరామర్శకు వచ్చి, “అన్న తూకం మాత్రం సరిగ్గానే వేసినాడమ్మా” అని చెప్పి మరీ ఏడ్చింది. అంగడిని పక్క అంగడాయన తీసుకున్నాడు. పంచెలు, చొక్కాలు ఎవరెవరికో పోయాయి. ఆ రోజు భుజం మీదున్న తువ్వాలు ఒక్కటి మిగిలింది. దాన్ని సుమతి రోజూ ఉతుకుతుంది, ఆరేస్తుంది, మడుస్తుంది, మర్నాడు మళ్లీ ఉతుకుతుంది.

“మురికి లేని గుడ్డను ఇట్ల బాదితే అది యాడికి పోయి మొర పెట్టుకోవాల సుమతీ?” అని పక్కింటి కుళ్ళాయమ్మ గోడ మీదుగా అడిగేది. సుమతి నవ్వి ఊరుకునేది. ఏడాదిగా ఆమె చేసిన సంభాషణల్లో అదే పెద్దది.

ఆ తువ్వాలుకు ఒక మూల ముడి ఉంది. ఆ ముడి సంగతి కుళ్ళాయమ్మకు తెలియదు.

లక్ష్మీనరసయ్యకు మరుపు జాస్తి. ఇంట్లోకి ఏదైనా తేవాల్సి ఉంటే, గుర్తుకొచ్చిన నిమిషాన తువ్వాలు మూలన ముడి వేసుకునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి ముడి చూసుకుంటే, తాను ఏదో మర్చిపోయానన్న సంగతి గుర్తొచ్చేది. ఏం మర్చిపోయాడో మాత్రం గుర్తొచ్చేది కాదు.

“సుమతీ, ఇది ఎందుకేసినానే?”

“నన్నడిగితే? మీ టవాలు, మీ ముడి.”

“పొద్దున ఏమన్నా తెమ్మంటివా?”

“జీలకర తెమ్మంటి.”

“ఆఁ! అదే!” అని, ఏదో పెద్ద దొంగను పట్టుకున్నట్టు సంబరపడి, మళ్లీ చెప్పులేసుకుని అంగడికి పోయేవాడు. అంగట్లో బస్తాలు బస్తాలు జీలకర్ర ఉండేది. ఇంట్లో పోపుడబ్బాలో నాలుగు గింజలు ఉండేవి కావు. కోమట్ల ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. సరుకు తెచ్చాక ముడి విప్పడం సుమతి పని. పని అయితేనే ముడి విప్పాలి. అది ఆ ఇంటి చట్టం.

ఆఖరి రోజు పొద్దున ఆయన చెప్పులేసుకుంటుంటే సుమతి వంటింట్లోంచి రెండు మాటలు చెప్పింది. దోమలబత్తులు అయిపోయినాయి, తెండి అని ఒకటి. ఆదివారం అంగడి మూసేసి లేపాక్షికి పోదామండి అని రెండోది. ఆయన రెండింటికీ కలిపి ఒకే “ఊఁ” అన్నాడు. ఇంట్లోంచి పోయేటప్పుడు తువ్వాలుకు ముడి లేదు. సాయంత్రం మనుషులు ఆయన్ని తీసుకొచ్చినప్పుడు ఉంది. అంగట్లో కూర్చున్నాక ఆయనకు ఏదో గుర్తొచ్చింది. దోమలబత్తి గుర్తొచ్చిందా, లేపాక్షి గుర్తొచ్చిందా?

అదే సుమతికి ఏడాదిగా తెగని సంగతి. హిందూపురం నుంచి లేపాక్షికి బస్సెక్కితే కునుకు పట్టేలోపు దిగిపోవచ్చు. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో వచ్చి చూసిపోతారు. సుమతి మాత్రం పెళ్లయి వచ్చినప్పటి నుంచి చూడలేదు. ఎప్పుడడిగినా ఆయనది ఒకటే మాట: “ఆ వేలాడే స్తంభం యాడికన్నా పరిగెత్తి పోతాదా ఏమన్నా? పోయేది మన గిరాకీ!” అలిగితే బుజ్జగించేవాడు. “నిన్ను తీస్కపోయి, ఇదో, ఈ టవాల్నే ఆ స్తంభం కింద ఈ పక్క తోసి ఆ పక్క లాగి చూపిస్తా చూడు” అనేవాడు.

అందుకని ఆమె ముడి విప్పలేదు. దోమలబత్తీ కొనలేదు. కొంటే, ముడి దానికోసమే అని తీర్పు అయిపోతుందేమోనని భయం. ఏడాదిగా దోమలు ఆమెను కుడుతూనే ఉన్నాయి.

దసరా సెలవులకు మరిది వేణుమాధవ్ భార్య ప్రీతిని తీసుకుని వచ్చాడు. వేణుమాధవ్ హిందూపురంలో పుట్టి, అన్న అంగట్లో పొట్లాలు కడుతూ పెరిగి, ఉద్యోగం వచ్చి విజయవాడ పోయాడు. ప్రీతి ఆ ఊరి పిల్లే. మొదటి రాత్రి గడిచి తెల్లవారేసరికి ఆమె ముఖం నిండా దద్దుర్లు.

“అక్కా, రాత్రంతా చప్పట్లు కొడుతూనే ఉన్నానండీ. దోమలబత్తి లేదా?”

“లేదమ్మా.”

“కిరాణా కొట్టు నడిపిన ఇల్లే కదక్కా!”

“అందుకే లేదు” అంది సుమతి.

ప్రీతి ఫోన్ తీసి, సెలవులకు వచ్చినవాళ్లు ఈ చుట్టుపక్కల తప్పక చూడాల్సిన చోట్లంటూ ఎవరో పెట్టింది గట్టిగా చదివింది. ధర్మవరం పట్టుచీరలు. పెనుకొండ కోట, కుంభకర్ణుడు. లేపాక్షి నంది, వేలాడే స్తంభం. ఆ మాట వినగానే వంటింట్లో సుమతి గరిటె ఆగింది.

“మీరూ రండి వదినా. ఏడాదిగా గడప దాటలేదంట కదా” అన్నాడు వేణుమాధవ్.

రానంటుందనుకునే అడిగాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, “లేపాక్షి ఉంటే వస్తా” అంది. తర్వాత ఆగి, “లేపాక్షికే మొదట పోదాం. దగ్గర కదా” అంది.

“దగ్గరిది ఆఖర్న చూడాలక్కా, దూరానివి ముందు. ఫోన్లో అలాగే ఉంది” అంది ప్రీతి. ఫోన్లో ఉన్నదానికి ఎదురు చెప్పే అలవాటు సుమతికి లేదు. చిత్రాన్నం కలిపి డబ్బాకెత్తింది. మడిచిన తువ్వాలును భుజం మీద కొంగు కింద పెట్టుకుంది. ఆ పొద్దు దాన్ని ఆ స్తంభం కింద దూర్చి లాగాలి. ఆయన చేస్తానన్నది తానైనా చెయ్యాలి. అంతకు మించి ఆమెకు ఏ చోటూ చూడాలని లేదు.

బాడుగ కారు రొళ్ల ఊరి ఎర్రప్పది. ఎర్రప్ప ఏళ్ల తరబడి యాత్రికులను తిప్పుతున్నాడు. అందువల్ల ఈ చుట్టుపక్కల చూడదగ్గ చోట్లన్నీ ఆయనకు కరతలామలకం అని ప్రీతి అనుకుంది.

“ఎర్రప్పగారూ, ధర్మవరం ఎలా ఉంటుందండీ?”

“బాగుంటాదమ్మా. నీడుండాది.”

“పెనుకొండ?”

“ఆడ నీడ తక్కువ. సీటు కాలుతాది.”

“లేపాక్షి?”

“అబ్బో, దాన్నడగొద్దు. చింతచెట్టు కింద బండి పెట్టి పడుకుంటే స్వర్గం కనపడతాది.”

“లోపల ఎలా ఉంటుంది?”

“లోపలికి నేనెప్పుడు పోతినమ్మా? బండిని ఎవురు చూడాల?”

ధర్మవరంలో వాళ్లు మార్కండేయులు ఇంటికి పోయారు. మగ్గం మీద పని చేసుకుంటూ ఇంట్లోనే చీరలమ్మే పెద్దాయన. లక్ష్మీనరసయ్యకు ఎప్పటి నుంచో తెలిసినవాడు. ప్రీతి చాప మీద కూర్చుంది. చీర తర్వాత చీర విప్పారు. కాసేపటికి చీరల వెనక ప్రీతి కనబడలేదు, మాట మాత్రం వినబడుతోంది. చివరికి రెండు చీరల దగ్గర ఆగింది. ఒకటి మామిడిపండు రంగు, ఒకటి నెమలికంఠం రంగు. ఇది ఒంటి మీద వేసుకుని అద్దం చూసింది, అది వేసుకుని చూసింది, రెండూ వేసుకుని చూసింది. వేణుమాధవ్‌ను అడిగింది. అతను రెండూ బాగున్నాయన్నాడు. అది సమాధానం కాదని ఆమె అంది. ఎండ గడప దాటి మగ్గం దాకా వచ్చింది.

సుమతి గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది. లేపాక్షి గుడి సాయంత్రం మూసేస్తారు. మార్కండేయులు ఆమె పక్కన కూర్చుని, పోయినాయన గురించి నాలుగు మంచి మాటలు చెబుతూ చెబుతూ తువ్వాలు మూల చేతిలోకి తీసుకున్నాడు. మగ్గం మనిషికి ముడి కనబడితే చెయ్యి ఊరుకోదు. రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా నలపడం మొదలుపెట్టాడు. మాట మాటలోనే ఉంది, ముడి వదులు కావడం మొదలైంది.

సుమతి ఒక్క గుంజు గుంజుకుంది.

“అయ్యో తల్లీ, డబ్బులేమన్నా కట్టింటివా?”

“లేదన్నా. దాని పని ఇంకా కాలేదు.”

ఆయనకు అర్థం కాలేదు. పెద్దవాడు కాబట్టి తలూపాడు.

ఇక ఇట్లా కాదని సుమతి లేచింది. గిరాకీ తేల్చుకోలేకపోతే లక్ష్మీనరసయ్య ఏం చేసేవాడో ఆమెకు తెలుసు. నెమలికంఠం చీర చేతిలోకి తీసుకుని, అంచు అంచుకు కలిపి మడుస్తూ, “దీన్ని లోపల పెట్టెయ్ అన్నా. ఇది మా ప్రీతికి వద్దులే” అంది.

“వద్దని ఎవరన్నారక్కా!” అంటూ ప్రీతి చీర లాక్కుంది. బేరం అయిపోయింది. మార్కండేయులు చీర కవర్లో పెడుతూ, “లక్ష్మీనరసయ్య పోయినాడని ఎవురన్నారు తల్లీ” అన్నాడు. సుమతి ముఖం తిప్పుకుని కారెక్కింది.

పెనుకొండ చేరేసరికి ఆకలి దంచేస్తోంది. అక్కడ కొండ కింద తోటలో కుంభకర్ణుడు పడుకుని ఉంటాడు. సిమెంటుతో చేసిన మనిషే అయినా, ఒక వీధి వీధంతా పడుకున్నట్టుంటాడు. ఆయన పొట్టలోకి జనం దారి చేసుకుని పోయి వస్తుంటారు. చుట్టూ రాక్షసుల బొమ్మలు ఆయన్ని లేపడానికి నానా తంటాలు పడుతుంటాయి. వాళ్ల ఎదురుగా నీడలో కూర్చుని నలుగురూ చిత్రాన్నం తిన్నారు. వేణుమాధవ్ రెండు మార్లు ఎక్కువే తిన్నాడు.

“ఒక్క ఐదు నిమిషాలు నడుం వాలుస్తా” అని, సుమతి వద్దనేలోపే ఆమె భుజం మీది తువ్వాలు లాగి మూతి తుడుచుకుని, దాన్నే తల కింద పెట్టుకుని ఒరిగాడు. కుంభకర్ణుడు పడుకున్నట్టే, అదే పక్కకు, అదే చెయ్యి తల కింద పెట్టుకుని పడుకున్నాడు. గురక కూడా తీశాడు. ఆ విషయంలో సిమెంటు మనిషి వెనకబడ్డాడు.

జనం పోగవడం మొదలైంది. అనంతపురం నుంచి వచ్చిన ఒక కుటుంబం ఫోన్లు తీసింది. వాళ్లలో ముసలామె సుమతిని అడిగింది: “ఈయప్ప కూడా దీంట్లో బొమ్మేనామ్మా?”

“కాదవ్వా, మా మరిది.”

“బాగా చేసినారు” అంది ముసలామె, వినిపించుకోకుండా.

ప్రీతి భుజం పట్టి ఊపింది. లేవలేదు. చెవి దగ్గర ఫోన్‌లో పాట పెట్టింది. పాటకు తగ్గట్టు గురక మార్చాడు కానీ లేవలేదు. ఎర్రప్ప కారు దగ్గరికి పోయి హారన్ మోగిస్తూనే ఉన్నాడు. వేరే కార్లవాళ్లు పరిగెత్తుకుంటూ పోయి తమ కార్లు పక్కకు తీసుకున్నారు. పొద్దు కొండ మీది నుంచి జారుతోంది. సుమతి ఖాళీ చిత్రాన్నం డబ్బా మీద గరిటెతో కొట్టింది. ఒక పిల్లవాడు మెచ్చుకుని చప్పట్లు కొట్టాడు. అంతే.

అప్పుడు సుమతి వంగి, తన గొంతును ఎక్కడో లోపలికి దించి, పోయినాయన అరిచినట్టే అరిచింది:

“ఒరేయ్ వేణూ! అంగట్లో గిరాకీ నిలబడుండాది!”

వేణుమాధవ్ దిగ్గున లేచి కూర్చుని, కళ్లు తెరవకుండానే, “ఏం కావాలమ్మా? పావా, అర్ధా?” అన్నాడు.

జనమంతా చప్పట్లు కొట్టారు. ముసలామె మాత్రం, “రోజూ ఎన్ని సార్లు చేస్తారమ్మా ఇది?” అని అడిగింది.

సుమతి తువ్వాలు తీసుకుంది. ఏడాదిగా మచ్చ ఎరగని గుడ్డ. దాని మీద ఇప్పుడు చిత్రాన్నం నూనె, పసుపు, మరిది చొల్లు. ఆమెకు కోపం వచ్చింది. కానీ కోప్పడితే ఇంకో పది నిమిషాలు పోతాయని దిగమింగుకుని అందరినీ కార్లోకి తోసింది.

లేపాక్షి చేరేసరికి పొద్దు ఎర్రబడింది. రోడ్డు పక్కన నంది కనబడగానే ప్రీతి, “ఆపండి ఆపండి! ఫోటో!” అంది.

“నంది యాడికన్నా పరిగెత్తి పోతాదా ఏమన్నా? తర్వాత చూద్దాం, పోనీ ఎర్రప్పా” అంది సుమతి.

అని, నోరు మూసుకుంది. ఆ మాట ఎవరిదో ఆమెకూ తెలుసు, మరిదికీ తెలుసు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కారు గుడి ముందు ఆగింది.

లోపల జనం పలచబడ్డారు. కాపలా ఆయన తాళాలగుత్తి ఆడిస్తూ తిరుగుతున్నాడు. నాగక్క అనే ఆమె చీపురుతో మండపం ఊడుస్తోంది. “బిన్నా చూసుకోండక్కా, మూసేస్తారు” అని తొందరపెట్టింది. గోడల నిండా బొమ్మలు, పైకప్పు నిండా రంగులు. ప్రీతి నోరు తెరిచి పైకి చూస్తోంది. సుమతి దేన్నీ చూడలేదు. తిన్నగా స్తంభం దగ్గరికి పోయింది.

స్తంభం కింద నిజంగానే సందు ఉంది. ఒక మూల మాత్రం నేలను తాకినట్టుంది, మిగతాదంతా గాలిలోనే. సుమతి మోకాళ్ల మీద కూర్చుని, తువ్వాలు ఒక కొసను లోపలికి తోసింది. అటు పక్కనుంచి వేణుమాధవ్ అందుకుని లాగాడు. తువ్వాలు జారింది, జారింది, చివర్న టక్కున ఆగింది.

ముడి.

వేణుమాధవ్ గట్టిగా లాగాడు. రాలేదు. వెనక్కి లాగితే వెనక్కీ రాలేదు. నాగక్క చీపురు తిరగేసి పుల్లతో పొడిచింది. అంతసేపూ బయట చింతచెట్టు కింద ఉన్న ఎర్రప్ప, కేకలు విని, జీవితంలో మొదటిసారి గుడి లోపలికి వచ్చి, బోర్లా పడుకుని ఒక కన్నుతో సందులోకి చూశాడు.

“ఇరుక్కుండాది సార్” అన్నాడు, అందరికీ తెలిసిన సంగతిని కనిపెట్టినట్టు.

కాపలా ఆయన వచ్చాడు. “ఏమప్పా ఇది! దేశంలో జనమంతా గుడ్డలు దూర్చి తీస్తారు, ఎవురిదీ ఇట్ల ఇరుక్కోలా. కత్తిరించండి బిన్నా, నేను తాళమెయ్యాల.”

ప్రీతి హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న కత్తెర తీసింది. “ఆ మూల ఒక్కటే కదక్కా. కొంచెం కత్తిరిస్తే...”

“వద్దు!” అంది సుమతి. ఆ కేకకు పావురాలు లేచాయి. ఏడాదిగా ఆమె గొంతు అంత పైకి రాలేదు. ఎర్రప్ప సందులోకి వేళ్లు పోనిచ్చి ముడిని కొద్దికొద్దిగా ఆమె వైపు నెట్టాడు. మూల బయటికొచ్చింది. మిగతా తువ్వాలంతా స్తంభం కిందే ఉంది. వెనక్కి లాగేసుకోవచ్చు, కానీ ఆయన చెప్పినట్టు ఆ పక్కకు పోవాలంటే ముడి అడ్డం.

“ముడి విప్పేస్తే అయిపోయె కదక్కా, లాగుతూనే వచ్చేస్తాది” అంది నాగక్క.

సుమతి ముడి పట్టుకుని అట్లాగే కింద కూర్చుండిపోయింది. తర్వాత, ఎవరి ముఖమూ చూడకుండా, జరిగిందంతా చెప్పింది. దోమలబత్తి, లేపాక్షి, రెండింటికీ కలిపి ఒక ఊఁ.

“పని కాకుండా విప్పగూడదు. ఆయప్ప ఏ పనికి వేసినాడో నాకు తెలీదు.”

“లేపాక్షికే వదినా! వేరే దేనికి?” అన్నాడు వేణుమాధవ్. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాగక్క చీపురు మీద గడ్డం ఆనించి ఆలోచించింది. “ఏమో అక్కా. మొగోళ్లు ముడేసుకుంటే బత్తికే ఏసుకుంటారు. పెండ్లాన్ని ఊర్లు తిప్పేదానికి ముడి యాడేస్తారు?”

“నాకూ అదే అనుమానం” అంది సుమతి.

“మా ఇంట్లో అయితే దోమలబత్తే” అన్నాడు కాపలా ఆయన, తాళాలు ఆడించడం ఆపి.

“లేదు సార్, లేపాక్షే. ఈడికి రావాలంటే అంగడి మూయల్ల. అది మర్చిపోయేంత చిన్న పనా? పెద్ద పని కాబట్టే ముడేసినాడు” అన్నాడు ఎర్రప్ప.

“పెద్ద పని అయితే ముడి ఎందుకు? గుర్తే ఉంటుంది కదా!” అంది ప్రీతి.

స్తంభం చుట్టూ పంచాయితీ మొదలైంది. బయటికి పోతున్న నలుగురు యాత్రికులు ఆగి, సంగతి విని, రెండు పక్షాలుగా చీలారు. సుమతి ఇందరి మధ్య కూర్చుని ముడి వంక చూస్తోంది. ఉన్నట్టుండి తలెత్తింది.

“ఎర్రప్పా, బయట అంగట్లో దోమలబత్తి దొరుకుతాదా?”

“దొరక్క యాడికి పోతాదక్కా?”

“తీసుకురా పో. బిన్నా!”

ఎర్రప్ప పరిగెత్తాడు. కాపలా ఆయన గేటు సగం మూసి, సగం తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఎర్రప్ప రొప్పుతూ పెట్టె తెచ్చి సుమతి ఒళ్లో పెట్టాడు.

“ఓ యమ్మా! లోపల వెలిగించగూడదు!” అన్నాడు కాపలా ఆయన.

“వెలిగించేదానికి కాదన్నా, ముడి విప్పేదానికి. లేపాక్షికి వచ్చేసినా. దోమలబత్తీ వచ్చేసింది. ఆయప్ప దేనికి వేసినా, పని అయిపోయింది.”

ఇంతమంది వాదించుకున్నది ఇంత తేలిగ్గా తీరిపోతుందని ఎవరూ అనుకోలేదు. కొందరికి కొంచెం నిరాశ కూడా కలిగింది.

ఏడాది పాటు బండ మీద బాదిన ముడి రాయైపోయింది. గోళ్లతో కాలేదు, పళ్లతో కాలేదు. అప్పుడు మార్కండేయులు చేతులు గుర్తొచ్చి, ముడిని రెండు అరచేతుల మధ్య పెట్టి నలిపింది. నలిపింది, నలిపింది. మెల్లగా ఒక మడత వదిలింది, తర్వాత ఇంకొకటి.

సబ్బు ఎప్పుడూ పోని ఆ లోపలి మడతలో గుడ్డ పసుపుపచ్చగా ఉంది. అలవాటు చొప్పున ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంగువ. దాని వెనక ఎక్కడో మిరపపొడి. ఆ రోజు పొట్లాలు కట్టిన చేత్తోనే ముడి వేసుకున్నాడన్నమాట.

సుమతి తుమ్మింది. ఒకటి కాదు, వరసగా. ఆ పాత రాతి మండపం ఆమె తుమ్ములకు మారుమోగింది. నాగక్క నవ్వింది, ప్రీతి నవ్వింది. సుమతి నవ్వుతూనే ముక్కు తుడుచుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ తుమ్మింది.

“ఆ పొద్దు గిరాకీ బాగుండింది” అంది.

తర్వాత తువ్వాలు మూల వదిలింది. “లాగు వేణూ.”

తువ్వాలు స్తంభం కిందనుంచి ఆ పక్కకు సర్రున జారిపోయింది. కాపలా ఆయన కూడా “ఆఁ!” అన్నాడు, తానెప్పుడూ చూడనట్టు.

ఆ రాత్రి హిందూపురం ఇంట్లో దోమలబత్తి వెలిగింది. ప్రీతి చప్పట్లు కొట్టకుండా పడుకుంది.

తెల్లవారింది. సుమతి పెరట్లో బకెట్ నింపింది, సబ్బు డబ్బా తెచ్చుకుంది, బండ మీద నీళ్లు చల్లింది. తువ్వాలు విప్పి చూసుకుంది. ఒక చోట చిత్రాన్నం పసుపు, ఒక చోట మరిది చొల్లు, అంచుకు పట్టుకున్న నెమలికంఠం పట్టుపోగు, మధ్యలో పొడుగునా స్తంభం కింది దుమ్ము. ముడి ఉన్న మూల మాత్రం ముడుచుకునే ఉంది, సాపు చేసినా మళ్లీ చుట్టుకుంటోంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నిన్న ఎక్కడెక్కడ తిరిగిందో అన్నీ వరసగా చెప్పింది.

గోడ మీద కుళ్ళాయమ్మ తల లేచింది. “ఏం సుమతీ, ఈ పొద్దు చప్పుడే లేదు? పాలకు ఆలస్యమైపాయ నాకు!”

“ఈ పొద్దు ఉతకలేదక్కా.”

“యాల? మురికి కాలేదా?”

“ఇప్పుడే కదక్కా అయింది” అంది సుమతి.

బకెట్లో నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసింది. సబ్బు డబ్బా మూత పెట్టింది. మురికి తువ్వాలును అట్లాగే తీగ మీద ఆరేసి, ప్రీతికి కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.